ఏరేటర్లు ఆగిన ఇరవై నిమిషాలు

మా పాపకి మూడున్నరేళ్లు వచ్చేదాకా దానికి చెవులు వినపడవని మాకు తెలియలేదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. మొన్నామధ్య బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడయితే మొహం మీదే అనేసింది, "మూడున్నరేళ్లు కళ్లు మూసుకుని పెంచారా నాయనా?" అని. నాకు ఒళ్లు మండింది. కళ్లు తెరుచుకునే పెంచాం. మా పొరపాటంతా అక్కడే ఉంది. దాన్ని మేం కళ్లతోనే పెంచాం.

మాది కలిదిండి దగ్గర పల్లె. ఇంటికి మూడు వైపులా రొయ్యల చెరువులు, మా అన్నయ్యా నేనూ కలిసి చేసేవి. రొయ్యకి నీళ్లలో గాలి చాలదు కాబట్టి చెరువులో ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. చక్రాలతో నీళ్లను చిలికే మిషన్లవి. పగలూ రాత్రీ అదే మోత. కరెంటు పోతే దానికి జనరేటరు మోత తోడు. కొత్తగా వచ్చిన చుట్టం మొదటి రోజు తల పట్టుకుంటాడు, మూడో రోజుకి మామూలైపోతాడు. మాకు ఆ మోత ఆగితేనే మెలకువ వస్తుంది.

అంత మోతలో ఈ గట్టు మీంచి ఆ గట్టుకి అరిచినా వినపడదు. అందుకని మేం చేతులతో మాట్లాడుకుంటాం. వేలు గాల్లో గుండ్రంగా తిప్పితే ఏరేటరు వెయ్యమని. ఒక అరచేతిని రెండో అరచేత్తో కోసినట్టు చేస్తే మేత సగానికి తగ్గించమని. వేళ్లు పైకి ఆడిస్తే రొయ్య తేలుతోంది, పరిగెత్తుకు రమ్మని. ఇంట్లోకి వచ్చినా ఆ అలవాటు పోదు. అన్నానికి రమ్మన్నా, మంచినీళ్లడిగినా, ఫలానావాడు వచ్చి వెళ్లాడా అని కనుక్కున్నా చేతులే. నా సంగతి మరీను. పుట్టుకతోనే మాట పొదుపు మనిషిని. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ, "ఏవండీ, మీకు నోరుందన్న సంగతి అన్నం తినేటప్పుడు తప్ప తెలీట్లేదండీ," అనేది.

పాప ఆ చేతుల మధ్య పుట్టి పెరిగింది. ఏడాదిన్నరకే, చెరువులో ఒక చక్రం ఆగితే చాలు, నా లుంగీ పట్టుకు లాగి వేలు గుండ్రంగా తిప్పేది. రెండేళ్లకి మేత సంగతి చెప్పేది. ఆకలేస్తే ఒక రకం, దాహమేస్తే ఒక రకం, పెదనాన్న మీద చాడీ చెప్పాలంటే ఇంకో రకం. చూడవచ్చినవాళ్లు విరగబడి నవ్వేవాళ్లు. "గట్టు మీద పిల్లండీ, మాటల కంటే ముందు పని నేర్చింది," అని నేను మీసం తిప్పేవాణ్ని. కాకి పిల్ల కాకికి ముద్దు. వెనక నుంచి పిలిస్తే తిరగదు కదా అని ఒక్కసారైనా నాకు అనిపించలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ వెనక నుంచి పిలవరు. పిలిచినా ప్రయోజనం ఉండదు.

మాటలు రాలేదని అమ్మకి మాత్రం కాస్త బెంగ ఉండేది. వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాసేది. ఆదివారం గుడిలో పాస్టరుగారి చేత ప్రార్థన చేయించేది. "వీడికీ నాలుగేళ్ల దాకా మాటలు రాలేదు, ఇది వీడి పోలికే," అని తనే సర్దిచెప్పుకునేది. ఆ మాట నాకు ఎంతో హాయిగా ఉండేది.

అనుమానం వచ్చింది మా ఆవిడకి. క్రిస్మస్ రోజున గుడి వెనకాల ఎవరో సీమటపాకాయల సరం అంటించారు. పిల్లలందరూ కెవ్వుమని పరుగెత్తారు. మా పాప అక్కడే కూర్చుని నేల మీద పడ్డ తళుకు కాగితాలు ఏరుకుంటోంది. ఇంటికి రాగానే ఈవిడ నన్ను పక్కకి లాగి, "ఏవండీ, ఒకసారి చూపిద్దామండీ. దానికి వినపడుతోందంటారా?" అంది. నేను కసిరాను. "నీకన్నీ అనుమానాలే. ఆటలో పడితే దానికి లోకం తెలీదు," అన్నాను. ఆ తర్వాత ఆరు నెలలు ఆవిడ మళ్లీ నోరెత్తలేదు. ఆ ఆరు నెలల సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడున్నరేళ్లు నిండినా పాపకి ఒక్క మాటా రాకపోయేసరికి, చివరికి ఏలూరు వెళ్లాం. ఆసుపత్రిలో పాపని నిద్రపుచ్చి, తలకి వైర్లు పెట్టి, ఏవో గీతలు తీశారు. పరీక్ష చేసినావిడ చిన్న వయసే. గీతలు చూస్తూ, "ఇంట్లో పాపని ఎలా పిలుస్తారండీ?" అని అడిగింది. పాప అప్పుడే లేచి గోడ మీద బొమ్మలు చూస్తోంది. నేను ఎదురుగా వెళ్లి చెయ్యి ఊపాను. పరుగున వచ్చి ఒళ్లో ఎక్కింది. "చూశారా!" అన్నాను గొప్పగా.

"ఈసారి పాపని దించి, చెయ్యి కదపకుండా, వెనక నుంచి పిలవండి."

పిలిచాను. గట్టిగా పిలిచాను. పక్క గదిలోంచి నర్సు తొంగి చూసింది. పాప మాత్రం మళ్లీ గోడ మీద బొమ్మలే చూస్తోంది. మళ్లీ పిలిచాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంక చాలండీ," అంది. అప్పటికి నాకు అర్థమైంది, నా కూతురు ఇంతవరకూ నా గొంతు ఎరగదని.

తిరుగు బస్సులో కైకలూరు దాకా మా ఆవిడ కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. బస్సు కొల్లేరు మీంచి పోతుంటే, దూరంగా దోనెలో వల సర్దుకుంటున్న మనిషికి పాప చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు. పాప నా వైపు తిరిగి, చూశావా, మాట్లాడాడు అన్నట్టు నవ్వింది. నాకు బస్సులోంచి దూకేద్దామనిపించింది.

ఇంట్లో అమ్మ నమ్మలేదు. తర్వాత నమ్మి, అన్నం మానేసి ముసుగు తన్ని పడుకుంది. నాలుగు రోజులకి లేచి ఎందుకో నన్ను తిడుతూ, "వీడికి చెప్పడమంటే చెవిటివాడి ముందు..." అని అలవాటుగా మొదలుపెట్టి టక్కున ఆగిపోయింది. ఆ సామెత ఆ తర్వాత మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

తాడేపల్లిగూడెంలో ఒకావిడ ఇలాంటి పిల్లలకి వినడం, మాట్లాడడం నేర్పుతారని ఏలూరులోనే చెప్పారు. వెళ్లాం. నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది గానీ మొహమాటం లేదు. పాప రెండు చెవులకీ రెండు చెవి మిషన్లు పెట్టింది. వెనక నుంచి చిన్న డప్పు కొట్టింది. పాప ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. మా ఆవిడ ఆ టీచరమ్మ కాళ్ల మీద పడబోతే ఆవిడ లేవనెత్తి, "అప్పుడే సంబరపడకండమ్మా. శబ్దం వినడం వేరు, మాట వినడం వేరు. ఇప్పటికే ఆలస్యమైంది. ఆరు నెలలు పొద్దస్తమానం దాంతో మాట్లాడుతూనే ఉండాలి. అప్పటికీ చెవి మాటను పట్టకపోతే ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం. దానికీ వయసు దాటిపోతోంది," అంది.

మిషన్లతో ఇంటికొచ్చాం. గట్టు ఎక్కామో లేదో పాప మొహం ముడుచుకుపోయింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. మాకు అలవాటైపోయిన ఆ మోత, దాని చెవుల్లోకి మిషను రెట్టింపు చేసి పోస్తోంది. మేం దాన్ని ఎత్తుకునేలోపే కుడి చెవి మిషను పీకి చెరువులోకి విసిరేసింది.

నేను బట్టలతోనే దిగాను. మొలలోతు నీళ్లు, కింద బురద. ఏరేటర్ల తాకిడికి నీళ్లు సుడి తిరుగుతున్నాయి. జీడిపప్పు కంటే కాస్త పెద్ద వస్తువు, ఎక్కడని వెతకను? చేతులు బురదలో పెట్టి దేవుకుంటూ ఏడుస్తున్నాను. అవతలి గట్టు మీంచి మా అన్నయ్య చూశాడు. ఏమైందని చెయ్యి తిప్పాడు. నేను చెవి చూపించి నీళ్లు చూపించాను. వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. షెడ్డులోకి పోయి ఆ చెరువువీ పక్క చెరువువీ అన్ని ఏరేటర్లూ ఆపేశాడు.

ఆ రోజు పొద్దుట్నుంచీ మబ్బు. ఎండ లేని రోజున ఏరేటర్లు ఆపడమంటే ఏమిటో రొయ్యలు పెంచేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంకో నెలన్నరలో పట్టాల్సిన పంట అది. వాడు ఆపేశాడు. ఆపి, తనూ నీళ్లలోకి దిగాడు.

అంత నిశ్శబ్దం మా గట్టు మీద నేనెప్పుడూ వినలేదు. మా ఊపిరి మాకే వినపడుతోంది. "అటు చూడ్రా తమ్ముడూ, సుడి తిరిగేది అటేపుకే," అన్నాడు అన్నయ్య. గట్టు దగ్గర వాడి గొంతు విని ఎన్నేళ్లయిందో. ముసలాయన గొంతులా ఉంది. పాపని ఎత్తుకుని మా ఆవిడ గట్టు మీద నిలబడింది. దాని ఎడమ చెవికి రెండో మిషను ఇంకా ఉంది.

పావుగంట వెతికాం. దొరకలేదు. పానా తెచ్చి ఏరేటరు చక్రం విప్పితే దాని కింద వెతకొచ్చని అన్నయ్య షెడ్డులోకి వెళ్లాడు. కంగారులో పానా చెయ్యి జారి ఇనప రేకు మీద పడింది. ఖంగున మోగింది. పాప మెడ తిప్పి షెడ్డు వైపు చూసింది. దానికి ఎవరూ చూపించలేదు. తనే చూసింది. చూసి, ఆ చోటు చూపిస్తూ వాళ్లమ్మ మొహంలోకి అడుగుతున్నట్టు చూసింది.

నేను నీళ్లలో అలాగే నిలబడిపోయాను. సరిగ్గా అప్పుడే నా నడుముకి ఏదో తగిలింది. కిందికి చూస్తే రొయ్యలు. వందలు. గాలి అందక మూతులు పైకి పెట్టి నా చుట్టూ తేలుతున్నాయి. షెడ్డు గుమ్మంలోంచి అన్నయ్య కూడా చూశాడు. నా వైపు చూశాడు. వాడు నోరు తెరిచి అడగలేదు. నేనే వేలు గాల్లో గుండ్రంగా తిప్పాను.

ఏరేటర్లు మళ్లీ మోగాయి. పాప ఒక్క అరుపు అరిచి ఎడమ చెవి మిషను కూడా పీకేసింది. మా ఆవిడ దాన్ని పిడికిట్లో దాచుకుని పాపని గుండెకి అదుముకుంది. రొయ్యకి ఊపిరి కావాలంటే పాపకి చెవి ఉండదు. పాపకి చెవి కావాలంటే ఆ ఇంట్లో ఉండకూడదు. ఆ మధ్యాహ్నం నాకు ఇంతకంటే తెలిసిందేమీ లేదు.

తెలిసింది కదా, మరి ఏం చేశాను? పిరికి పని చేశాను. టీచరమ్మ ఉండే గూడెంలో ఒక గది చూసి ఆవిడనీ పాపనీ అక్కడ దింపి, నేను చెరువు మీదకి వచ్చేశాను. పోయిన మిషనుకి బదులు టీచరమ్మ ఇంకోటి సర్దింది. ఆదివారాలు నేను వెళ్లేవాణ్ని. నన్ను చూడగానే పాపకి పండగ. వారమంతా చెప్పుకోవాల్సిందంతా చేతులతో గలగలా చెప్పేది. నేనూ చెప్పేవాణ్ని. మా ఇద్దరి మధ్య మా ఆవిడ మాట కూడా దూరేది కాదు.

నాలుగో వారం టీచరమ్మ నన్ను రమ్మని కబురు పెట్టింది. "ఏమీ అనుకోకండి. చేతులతో మాట్లాడడం తప్పని నేననను. కానీ మీ పాప చెవిని ఇప్పుడిప్పుడే లేపుతున్నాం. మీరొచ్చి వెళ్లాక సోమవారం, మంగళవారం అది మా నోటి వైపే చూడదు. తిరిగి చెవి వైపు తెచ్చేసరికి మళ్లీ మీ ఆదివారం వస్తోంది. మీరు రాకుండా అయినా ఉండండి, వచ్చేసి నోటితో మాట్లాడుతూ అయినా ఉండండి."

రాకుండా ఉండటం నా వల్ల కాదు. వచ్చేయడమంటే చచ్చేంత భయం. ఆ భయం ఎవరికి చెప్పుకోను? చెరువు మీద నేనొక మనిషిని. నీళ్ల రంగు చూసి జబ్బు చెబుతాను. మేత పళ్లెం పైకి లాగి చూస్తే రేపటి సంగతి చెబుతాను. చుట్టుపక్కలవాళ్లు నన్ను అడగడానికి వస్తారు. గూడెంలో నేనెవర్ని? పైగా నా దగ్గరున్న ఒకే ఒక భాష పాపకి నేనిచ్చింది. అదీ మానేస్తే అది నన్ను తండ్రిగా గుర్తుపడుతుందా? నోటితో ఏం మాట్లాడాలో ముప్పై ఆరేళ్లొచ్చినా నాకు తెలీదు.

ఆ పంట పట్టుబడి అయిపోయిన రోజు అన్నయ్యకి చెప్పాను. వాడు ఖాళీ చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు. "వెళ్లు. నేనాపనా ఏంటి? చెయ్యిరిగినట్టే ఉంటది, చేసుకుంటాంలే," అన్నాడు. దాన్ని ధైర్యమని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. వెనక నుంచి తరుముకొస్తే పరిగెత్తేవాడిది ధైర్యమెలా అవుతుంది?

గూడెంలో పైపుల కొట్టులో పనికి కుదిరాను. అక్కడ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నోటితోనే పని. అరంగుళమా, ముప్పావంగుళమా, ఎల్బోనా, టీనా. కొట్టు యజమాని రెండుసార్లు విసుక్కున్నాడు, "ఏంటండీ, నోట్లో ముత్యాలున్నాయా?" అని. ఇంటికొచ్చాక చేతులు వెనక్కి కట్టుకుని పాప ముందు కూర్చునేవాణ్ని. కంచం, గ్లాసు, నీళ్లు, అన్నం. చెప్పిందే చెప్పేవాణ్ని. పాప నా చేతులు ఎక్కడికి పోయాయా అని నా వెనక్కి వెళ్లి వెతికేది. చేతులు పట్టుకుని ముందుకి లాగి, మాట్లాడు అన్నట్టు కదిపేది. నేను కదపకపోతే కోపమొచ్చి కొట్టేది. తర్వాత మూలకి పోయి గోడ వైపు తిరిగి కూర్చునేది. కన్నతండ్రి పగవాడైతే ఎలా చూస్తారో అలా చూసేది.

ఒక నెల. రెండు నెలలు. మూడు. డప్పుకి తిరుగుతోంది, గంటకి తిరుగుతోంది, తలుపు కొడితే తిరుగుతోంది. మాటకి తిరగదు. నా మాటకీ, వాళ్లమ్మ మాటకీ, టీచరమ్మ మాటకీ. నోటి కదలిక చూసి ఊహించడమే తప్ప, మొహం దాచుకుని మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే. మా ఆవిడ చిక్కి సగమైంది. రాత్రి నేను పక్క మీద దొర్లుతుంటే ఆవిడా మేలుకునే ఉండేది. మేలుకున్నట్టు ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం కాదు.

ఐదో నెలలో అన్నయ్య ఫోన్ చేశాడు. "చెరువులో రొయ్యపిల్ల వెయ్యాలిరా. కుర్రాళ్లతో నా వల్ల అవట్లేదు, పోయినసారి నీళ్లు చూసుకోలేక నష్టమొచ్చింది. ఒక్క పంట. వచ్చి నిలబడు చాలు," అన్నాడు. వాడెప్పుడూ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. ఫోన్ పెట్టేసి కూర్చుంటే, నిజం చెబుతున్నాను, నాకు బాధ కలగలేదు. దాహంతో ఉన్నవాడికి నీళ్లు చూపించినట్టయింది. ఇక్కడ ఏం పీకుతున్నాను? పిల్లా నాది కాకుండా పోయింది, చెరువూ పోయింది. ఇంటికి పోదాం. అందరం పోదాం. పిల్ల మళ్లీ నవ్వుతుంది. చేతులతో బతకలేదా మనిషి? కొల్లేరులో ఆ దోనె మనిషికి చెయ్యి ఊపితే పలకలేదా?

ఆదివారం మధ్యాహ్నం సంచి సర్దడం మొదలుపెట్టాను. మా ఆవిడ అంట్లు తోముతూ పెరట్లోనే ఉండిపోయింది. నేను బట్టలు పెడుతుంటే పాప ఒక్కొక్కటే తీసి అవతల పడేస్తోంది. దానికి ఆట. మళ్లీ పెట్టాను. మళ్లీ తీసింది. నాలుగోసారి సంచిని బోర్లించేసి, కిటికీ దగ్గరకి పోయి, నాకు వీపు చూపించి, బొమ్మతో ఆడుకోవడం మొదలెట్టింది.

నాకు ఏమొచ్చిందో తెలీదు. ఐదు నెలలదీ, ఆ ఆరు నెలలదీ, మూడున్నరేళ్లదీ అంతా ఒక్కసారి పైకి తన్నింది. "చాల్లే! ఇంక నా వల్ల కాదే!" అని గొంతు చించుకుని అరిచాను.

పాప భుజాలు ఎగిరిపడ్డాయి. బొమ్మ కింద పడింది. మెల్లగా నా వైపు తిరిగింది. నా చేతుల వైపు చూడలేదు, నోటి వైపే చూసింది. కింది పెదవి వణికింది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. ఎన్నోసార్లు దాని మీద అరిచాను నేను, చెరువు గట్టు మీద. ఎప్పుడూ నవ్వేది.

మా ఆవిడ తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. "ఏవండీ," అంది. పాప వైపు చూపిస్తూ, "అది అటు తిరిగి ఉందండీ. మిమ్మల్ని చూడలేదండీ," అంది.

నేను నేల మీద కూలబడ్డాను. ఐదు నెలలు బంగారం, తల్లీ, అమ్మలూ అని బతిమాలిన మాటలేవీ చేరలేదు. నా నోటి నుంచి నా కూతురు చెవిలో పడిన మొదటి మాట అది. నా వల్ల కాదని. దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. రెండో మాట ఏం చెప్పాలో తెలియలేదు. చేతులు వాటంతటవే లేవబోతుంటే బోర్లించిన బట్టల్లో పెట్టాను. ఒక్కొక్కటీ తీసి, దండెం మీద వేస్తూ, పేరు పెట్టి పైకి చెప్పడం మొదలుపెట్టాను. లుంగీ. చొక్కా. తువ్వాలు. అమ్మ చీర. నా గొంతు నాకే అసహ్యంగా, బొంగురుగా ఉంది. పాప ఏడుస్తూనే దగ్గరకొచ్చింది. నీ గౌను, అన్నాను. ఇదిగో, నీ గౌను.